నీళ్ళకుండ మీది రేకు

మా వంటింట్లో నీళ్ళకుండ మీద మూతగా ఒక రేకు పలక ఉంటుంది. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలతో "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని రాసి ఉంటుంది. పై రెండు మూలల్లో తీగ దూర్చడానికి చిల్లులు. ఇంటికొచ్చినవాళ్ళు దాహమై కుండ దగ్గరికి పోతారు, ఆ రాత చదువుతారు, తిరిగి నా మొహం చూస్తారు. "తాగండి, అది మీకు కాదు" అంటాను.

ఆ పలక నేను పనిచేసిన దవాఖానది. దవాఖాన పేరు రాయను, ఊరు వరంగల్ అంటే చాలు. ఆపరేషన్ థియేటర్లోనూ, దాని ముందున్న వార్డులోనూ కలిపి ముప్పై మూడేళ్ళు నర్సుగా పనిచేశాను. రిటైరైన రోజు శాలువా కప్పారు, దండ వేశారు, నా గురించి నాకే తెలియని మంచి మాటలు చాలా చెప్పారు. ఇంటికి వచ్చేముందు నేను అడిగి తెచ్చుకున్నది మాత్రం స్టోర్ రూములో మూలన పడి ఉన్న ఈ రేకు ఒక్కటే. ఆయా నవ్వింది. "ఇదేం జేస్కుంటరు సిస్టరమ్మా?" అంది.

మా చెల్లెలి బిడ్డ ఈ మధ్యే నర్సింగులో చేరింది. "పెద్దమ్మా, నీకు తెలిసింది రాసియ్యి" అని వెంటపడుతోంది. పుస్తకాల్లో ఉన్నవి పుస్తకాల్లో చదువుకుంటుంది. ఈ రేకు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి అదే రాస్తున్నాను.

రేకు పడ్డదా?

నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దుటి రైల్లో వచ్చేదాన్ని. కూరగాయల గంపల మధ్య సందు చూసుకుని నిలబడితే, ఆకుకూరల తడి నా తెల్ల చీర అంచుకు అంటేది. థియేటర్ తలుపు తోయగానే స్పిరిట్ వాసన, స్టెరిలైజర్ ఆవిరి. వాడిన గ్లౌజులు పారేసే రోజులు కావు అవి. ఉతికి, తీగ మీద ఆరేసి, చిల్లులున్నాయేమో ఊది చూసి, పౌడర్ చల్లి మళ్ళీ వాడేవాళ్ళం. సెలైన్ గాజు సీసాల్లో వచ్చేది. ఖాళీ సీసా కోసం పేషెంట్ల వాళ్ళు ముందే చెప్పిపెట్టుకునేవాళ్ళు, ఇంట్లో నూనె పోసుకోవడానికి. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్కే, అన్నీ ఒక్కసారికే. మంచిదే, కాదనను. కానీ ఎక్కడైనా స్పిరిట్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు పొద్దున ఏడు గంటలు అయినట్టే ఉంటుంది. చేతులు ఊరికే గ్లౌజుల కోసం వెతుకుతాయి.

మరునాడు ఆపరేషన్ ఉన్నవాళ్ళ మంచాలకు ముందురోజు సాయంత్రం ఈ రేకులు తగిలించడం నా పని. చదువు రానివాళ్ళకు కూడా ఆ రేకు అర్థం తెలిసిపోయింది. "మీకు రేకు పడ్డదా?" అని మంచాల మీంచి మంచాల మీదికి ఒకరినొకరు అడిగేవాళ్ళు. రేకు పడ్డాక చెంబు, సీసా, టిఫిన్ గిన్నె ఏదీ మంచం కింద కనబడకూడదు. నేనే వంగి చూసి, ఏరి, అటెండర్ల చేతికిచ్చి బయటికి పంపేదాన్ని. "నీళ్ళియ్యని సిస్టర్" అని నాకు పేరు. అది నా చెవిన పడినప్పుడు లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. మా పెద్ద మత్తు డాక్టరుగారిని అందరం మత్తు సార్ అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. స్టెతస్కోపు మెడలో వేసుకోరు, జేబులో కుక్కుకుంటారు. ఆయన చిన్న డాక్టరుగా ఉన్నప్పుడు, ఒక కుర్రవాడు ఆకలికి ఆగలేడని తల్లి చాటుగా రెండు ఇడ్లీలు పెట్టిందట. మత్తిచ్చాక అవి వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. కుర్రవాడు టేబుల్ మీంచి లేవలేదు. మత్తులో దగ్గు రాదు, మింగడం ఉండదు, గొంతుకు కాపలా ఉండదు. కడుపులో ఉన్నది పైకొస్తే పోయే దారి ఊపిరితిత్తులే. సార్ ఈ సంగతి మాకు ఒక్కసారే చెప్పారు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అందుకే నాకు ఖాళీ కడుపంటే దేవుడంత నమ్మకం. అన్నం, నీళ్ళు అన్న తేడా కూడా చూసేదాన్ని కాదు. పొద్దున్నే కేసు షీట్లు పట్టుకుని మంచం మంచానికి తిరిగేదాన్ని. "ఏమన్నా తిన్నవా? తాగినవా?" "లే సిస్టరమ్మా." "మంచిగ." టిక్కు పెట్టి ముందుకు. మాకు నేర్పిన ప్రశ్నకు లేదన్నదే సరైన జవాబు. ఆ జవాబు వచ్చాక ఇంకో ప్రశ్న అడగాలని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

బయట పడిపోయిన మనిషి

మా ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి ప్రసాదం అని ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. మా చర్చి మనిషే. ఆమెకు అపెండిక్సు ఆపరేషన్. అది లోపల చక్కగా అయిపోయింది. బయట థియేటర్ తలుపు ముందు ఈయన గోడకు ఆనుకుని అట్లాగే జారి కిందపడ్డాడు. ఆమె బయటికొచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని దేవునికి మాట ఇచ్చాడట. ట్రాలీ మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టాం. ఆమెను మత్తుమత్తుగా బయటికి తెచ్చేసరికి పక్క ట్రాలీలో మొగుడు.

"ఆపరేషన్ నాకా, ఆయినకా?" అంది.

వారం రోజులు నవ్వుకున్నాం. ఎన్నో ఏళ్ళు ఈ ముచ్చట కొత్త పిల్లలకు చెప్పి నవ్వించాను. అందులో ఉన్న అసలు సంగతి మాత్రం నేను చూడలేదు. మేం చెప్పిన నియమాన్ని మావాళ్ళు నియమంగా తీసుకోరు. మొక్కుగా తీసుకుంటారు. చర్చి వాళ్ళయితే ఉపవాస ప్రార్థన, మిగతావాళ్ళయితే ఒక్కపొద్దు. నియమానికి ఇన్ని గంటలని ఉంటుంది. మొక్కుకు ఉండదు, ఎంత ఎక్కువ ఓర్చుకుంటే అంత మంచిది. ఇది ప్రసాదాన్ని చూసిన రోజే నాకు అర్థమై ఉంటే రాజవ్వకు ఆ కష్టం వచ్చేది కాదు.

రాజవ్వ

రాజవ్వది ములుగు అవతల అడవి పక్క పల్లె. నలభై ఏళ్ళుంటాయి. గర్భసంచిలో గడ్డ, నెలల తరబడి రక్తస్రావం. మొహం పాలిపోయి, రెండు మెట్లెక్కితే ఆయాసం. ముందు వార్డులో పెట్టి రక్తం ఎక్కించారు. వారం తర్వాత ఆపరేషన్‌కు రమ్మని ఇంటికి పంపారు. నా సర్వీసు సగం దాటిన రోజులవి, మే నెల.

ఆమెకు రక్తం ఎక్కుతున్న రోజుల్లోనే పక్క మంచం మీద కాశిబుగ్గ నుంచి ఒక పెద్దావిడ ఉండేది. మగ్గం పని ఇల్లు. ఎన్నో ఏళ్ళు కండెలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలు గట్టిపడిపోయింది. హెర్నియా ఆపరేషన్. సోమవారమని ముందురోజు పొద్దుటి నుంచే ఒక్కపొద్దు ఉంది. నేను మంచాలు తిరుగుతూ ఆ సంగతి విని మురిసిపోయాను. వార్డంతా వినేలా అన్నాను.

"చూడుండ్రి ఈ అవ్వను. నేను చెప్పకముందే నిన్న పొద్దుటి సంది ఒక్కపొద్దున్నది. గట్లుండాలె పేషెంటంటే."

ఆమె లిస్టులో మొదటిది, ఎనిమిదింటికే లోపలికి పోయింది. ఏమీ కాలేదు. పక్క మంచం మీద చేతికి రక్తం సీసాతో పడుకున్న రాజవ్వ నా మాట విన్నదని నాకు తెలియదు.

వారం తర్వాత రాజవ్వ, ఆమె ఆడిబిడ్డ కనకమ్మ కలిసి జీపులో ములుగు దాకా, అక్కడి నుంచి బస్సులో వచ్చారు. మధ్యాహ్నం ఎండలో దిగారు. సాయంత్రం రేకు తగిలించాను. తెల్లారి అడిగాను.

"ఏమన్నా తిన్నవా, తాగినవా రాజవ్వా?"

"లే సిస్టరమ్మా. ఏం ముట్టలే." నవ్వింది.

"శభాష్" అన్నాను. టిక్కు పెట్టాను.

ఆమెది లిస్టులో రెండో పేరు. మొదటి కేసు అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. పన్నెండు దాటింది. పైన ఫ్యాను వేడి గాలిని కిందికి తోస్తోంది. సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు. మూడు చోట్ల పొడిచాను. భయానికి నరాలు లోపలికి పోయాయిలే అనుకున్నాను. నాడి వేగంగా ఉంది, భయమే అనుకున్నాను. పెదవులు ఎండి పగిలాయి. కనకమ్మ తన కొంగు తడిపి తెచ్చి నిలబడింది.

"సిస్టరమ్మా, జర పెదవులన్నా తడుపన్నా? దూపకు నాలుక పిడచగట్టింది పిల్లకు."

"వద్దు. రేకున్నది కనబడ్తలేదా?" అన్నాను.

చివరికి మోచేతి దగ్గర సన్నటి నరం ఒకటి దొరికింది. అందులోంచి సెలైన్ బొట్టుబొట్టుగా పోతోంది. ముందు సీసా నిండుగా ఎక్కాలి, అప్పుడే వెన్నుకు మత్తు సూది. సగం కూడా ఎక్కకముందే లోపలి నుంచి పిలుపు వచ్చింది. నేను సగమే ఎక్కిందని చెప్పలేదు. లిస్టు ఆలస్యమైతే సర్జన్‌గారి చిరాకు మా మీదే పడేది, అది తప్పించుకుందామని చూశాను. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో దీన్ని కూడా కలుపుకోండి.

వెన్నుకు సూది ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టాం. కాసేపటికే రాజవ్వ ఆవులించింది.

"సిస్టరమ్మా, కండ్లు మసకైతున్నయ్" అంది. ఆ తర్వాత మాట లేదు.

వెన్నుకు ఇచ్చే మత్తుతో నడుము కింద రక్తనాళాలు వదులవుతాయి. ఒంట్లో నీరు సరిపడా ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. నీరు ఇంకిపోయిన ఒంట్లో ఉన్న కాస్త రక్తమూ కాళ్ళలోకి దిగిపోతుంది, గుండెకు, మెదడుకు చాలదు. ఆ మాటలు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. అప్పుడు నా వేళ్ళ కింద ఆమె నాడి లేదు. మణికట్టు దగ్గర లేదు, మోచేతి దగ్గర లేదు.

"కాళ్ళు పైకి లేపుండ్రి. మెడకాడ లైన్ పెడ్త, సెలైన్ రెండు దిక్కుల ఉరికియ్యి" అన్నారు మత్తు సార్. బీపీ లేపే సూది ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. గొంతు మాత్రం ఎత్తలేదు. సర్జన్‌గారు కత్తి ట్రేలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశారు. నేను సెలైన్ సీసాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో నాకే గుర్తు లేదు. ఎంతసేపటికో మణికట్టు దగ్గర సన్నగా, దారం కదిలినట్టు, నాడి తగిలింది.

ఆపరేషన్ ఆపేశారు. సార్ చేతులు కడుక్కుంటూ నన్ను అడిగారు.

"చివరిసారి నీళ్ళెప్పుడు తాగిందని అడిగినవా?"

"అడగలే సార్" అన్నాను.

"నేనూ అడగలే" అన్నారాయన. బయటికి నడిచి కనకమ్మ ముందు నిలబడ్డారు.

"మొన్న మాపటికి తిన్నది సారూ. నిన్న పొద్దుటి సంది గుక్కెడు నీళ్ళు గూడ ముట్టలే. జీపుల దూపైతాందన్నది, నేను తాగుమన్న, వద్దన్నది. ఆపరేషన్ మంచిగ గావాలంటే గట్లనే ఉండాలెనట, సిస్టరమ్మ చెప్పిందట."

కనకమ్మ నన్ను తప్పు పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఎండలో, ఆ రక్తం లేని ఒంటితో, ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు ఆమె దాహాన్ని అణుచుకుంది. నేను మెచ్చుకుంటానని.

రెండు రోజులు రాజవ్వ మూత్రం సంచి వైపు చూస్తూ గడిపాను. కిడ్నీలకు నీరు అందకపోతే అవి పని ఆపేస్తాయి, ఒక్కోసారి మళ్ళీ మొదలుపెట్టవు. మొదటి రోజు అడుగున కాస్త, చాయ్ డికాషన్ రంగులో. రెండో రోజు మధ్యాహ్నానికి పసుపు తిరిగింది, సంచి బరువెక్కింది. నా జీవితంలో ఎవరి మూత్రాన్నీ అంత సంతోషంగా పారబోయలేదు.

నడవగలిగిన రోజే రాజవ్వ మూట కట్టుకుంది.

"నాకద్దు సిస్టరమ్మా. దేవత నాకీ ఆపరేషన్ రాయలే. గంత ఒక్కపొద్దున్నా గిట్లనే ఆయె."

మళ్ళీ రమ్మన్న తేదీకి ఆమె రాలేదు. గడ్డ అట్లాగే ఉంది, రక్తం పోతూనే ఉంటుంది. ఈసారి ఒంట్లో రక్తం పడిపోతే దవాఖాన దాకా వచ్చే సమయం ఉంటుందో లేదో. ఆ తేదీ దాటిన రోజున నాకు అన్నం సయించలేదు.

ములుగు బస్సు

వారాంతపు సెలవు రోజున ములుగు బస్సెక్కాను. పేషెంట్ ఇంటికి నర్సు పోవడం అనేది మా దవాఖానలో లేదు. ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి జీపులో పదిమంది మధ్య ఇరుక్కుని, తర్వాత మట్టిదారిన నడిచి చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

రాజవ్వ చూరు నీడలో కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. మొహం మళ్ళీ తెల్లగా అయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక గుంజ పట్టుకుంది. కనకమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను చెంబెత్తి ఆపకుండా తాగాను. గడ్డం మీంచి కారి జాకెట్ తడిసింది. రాజవ్వ నన్నే చూస్తోంది.

"నాక్కూడ గంతే దూపుండె సిస్టరమ్మా ఆనాడు" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. చెంబు కింద పెట్టాను.

"తప్పు నాది రాజవ్వా. నీది గాదు, దేవతది గాదు. ఒక్కపొద్దును మెచ్చుకున్న. ఎప్పటి సంది ఉన్నవని అడగలే. నీ నాలుక ఎండింది, నీ నరం దొరకలే, అన్నీ చూసిన. చూసి భయమనుకున్న."

తునికాకు కట్టను చుట్టి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. అది కూడా కట్టడం అయ్యాక అడిగింది.

"నీళ్ళిస్తవా మరి?"

"నా చేతులతోని ఇస్త" అన్నాను. ఇస్తానని మాట ఇచ్చేటప్పటికి మత్తు సార్‌ను నేను అడగను కూడా లేదు.

ఆరు గంటల గ్లాసు

మర్నాడు సార్ ముందు నిలబడి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు. ఆ ఇడ్లీల తల్లి గుర్తొచ్చిందేమో.

"అన్నం వేరు, నీళ్ళు వేరు. ఉత్త నీళ్ళు రెండు గంటలల్ల కడుపుల్నుంచి దిగిపోతయ్. పుస్తకాలల్ల మారి చాన రోజులైంది. భయానికి నేనే మారలే" అన్నారు. "లిస్టుల ఆమె పేరు మొదలు రాయి. పొద్దుగాల ఆరింటికి ఒక గ్లాసు. పాలు గాదు, చాయ్ గాదు, సల్ల గాదు. ఉత్త నీళ్ళు. నువ్వే దగ్గరుండి తాగియ్యి."

రాజవ్వ వచ్చింది. మళ్ళీ రక్తం ఎక్కించాం. ఆపరేషన్ రోజు ఆరింటికి స్టీలు గ్లాసులో నీళ్ళు తీసుకెళ్ళాను. ఆమె గ్లాసు వంక చూసింది, మంచానికి వేలాడుతున్న రేకు వంక చూసింది.

"రేకున్నది గద సిస్టరమ్మా."

రేకు విప్పి చంకలో పెట్టుకున్నాను. అప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని తాగింది. ఎనిమిదిన్నరకు వెన్నుకు సూది ఇచ్చారు. నాడి నా వేళ్ళ కింద నిలకడగా కొట్టుకుంది. గడ్డ చిన్న కొబ్బరికాయంత ఉంది. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు కనకమ్మ నాకు అడవి నుంచి ఒక సీసా తేనె తెచ్చింది. అది సెలైన్ గాజు సీసానే, గుర్తుపట్టి నవ్వాను.

ఇక మా ఇంటి పిల్లకూ, తనలాంటి పిల్లలకూ నాలుగు మాటలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్క రాత్రి నీళ్ళు తాగకపోతే కొంప మునగదు. కిడ్నీలు నీటిని దాచుకుంటాయి, మూత్రం చిక్కబడుతుంది, తల కాస్త నొప్పి పెడుతుంది, అంతే. ముప్పు వచ్చేది ఆ రాత్రికి ముందూ వెనకా ఇంకా గంటలు వచ్చి కలిసినప్పుడు. ముందు మొక్కు, ప్రయాణం, ఎండ. వెనక ఆలస్యమైన లిస్టు. దానికి జ్వరమో, రక్తస్రావమో తోడైతే ఇక చెప్పేదేముంది. మనం తాగినా తాగకపోయినా ఒంట్లోంచి నీరు చెమటగా, ఊపిరిగా, మూత్రంగా పోతూనే ఉంటుంది.

కాబట్టి తిన్నారా అని అడిగి ఊరుకోకండి. ఎప్పటి నుంచి తినలేదు, ఎప్పటి నుంచి తాగలేదు అని అడగండి. నాలుక బయట పెట్టించి చూడండి. నరం దొరకకపోతే భయం మీదికి నెట్టకండి. లిస్టు వెనక్కి జరిగితే, ఈయనకు ఇంకో గ్లాసు ఇవ్వచ్చా అని మత్తు డాక్టరును మీరే పోయి అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అందరికీ ఒకటే మాట చెప్పకండి. షుగర్ ముదిరినవాళ్ళు, గర్భిణులు, పేగు అడ్డుపడ్డవాళ్ళు, హడావుడిగా తెచ్చిన కేసులు, వీళ్ళ కడుపు తొందరగా ఖాళీ కాదు. వాళ్ళ సంగతి మత్తు డాక్టరే తేల్చాలి. మీ అంతట మీరు దయ చూపించి గ్లాసు అందించారంటే ఆ ఇడ్లీల తల్లి చేసిందే మీరూ చేసినట్టు. అన్నిటికంటే ముందు, ఓర్చుకున్నవాళ్ళను వార్డులో మెచ్చుకోకండి. పక్క మంచం వింటుంది.

తర్వాత తర్వాత మా వార్డులో రేకులు పోయాయి. మంచం దగ్గర కాగితం మీద నీళ్ళు ఎన్నింటి దాకా తాగవచ్చో రాయడం మొదలైంది. సార్ రిటైరయ్యారు. కొంతకాలానికి పోయారు కూడా. ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. అంత పెద్దాయన "నేనూ అడగలే" అనకపోయి ఉంటే, నేను ములుగు బస్సెక్కేదాన్ని కాదేమో.

నా వంతు

పోయిన నెల నాకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ అన్నారు. వేరే దవాఖాన. ముందురోజు పొద్దున మా చర్చి ఆడవాళ్ళు ఎనిమిది మంది మా ఇంటికి వచ్చి నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. మా పెద్దక్కకు డెబ్బై దాటాయి, ఆమె కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వాళ్ళంతా నా కోసం ఎండిన నోళ్ళతో పాటలు పాడుతుంటే, నేను లేచిపోయి కుండ మీది రేకు తీసి నీళ్ళెట్లా ముంచుకోను? సాయంత్రం వాళ్ళు ఉపవాసం విడిచారు. నేను విడవలేదు. ఎలాగూ రేపే కదా, అయ్యేదాకా ఉందాం అనుకున్నాను. రాజవ్వ ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదంటే మీరు నమ్మరు.

ఆ రాత్రి చేరిన దవాఖానలో, తెల్లారి ఆరింటిదాకా నీళ్ళు తాగమని కాగితం మీద రాసే ఇచ్చారు. తాగలేదు. ఆరు దాటాక, మా చెల్లెలి బిడ్డ వయసున్న నర్సు ట్రేతో వచ్చింది.

"అమ్మా, ఏమన్నా తిన్నరా, తాగిండ్రా?"

"లేదు బిడ్డా. ఏం ముట్టలే."

"సూపర్ అమ్మా. అందరు మీ లెక్కుంటే మాకు ఫికరే ఉండకపోవు."

నాకు చాలా హాయిగా అనిపించింది. చిన్నపిల్లను బడిలో మెచ్చుకున్నట్టు ఒళ్ళంతా తేలికైంది. ఎందుకు దాచాలి, అంత తీపి మాట ఈ మధ్య నాతో ఎవరూ అనలేదు.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నరం వెతికింది. ఒకసారి పొడిచింది. రెండోసారి పొడిచింది.

"భయమైతాందా అమ్మా? నరాలు దొరుకుతలేవ్."

అప్పుడు చూరు నీడలో తునికాకు కట్టలు కడుతున్న మనిషి నా కళ్ళముందుకు వచ్చింది. ఆమె ఎందుకు నవ్విందో, శభాష్ అంటే ఆమెకు ఎట్లా అనిపించిందో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. చెప్పక తప్పదు. ముప్పై మూడేళ్ళ సర్వీసు, ఈ పిల్ల ముందు ఎంత సిగ్గు. మూడోసారి పొడవబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"భయం కాదు బిడ్డా. నీళ్ళు తాగలే."

"మంచిదే గదమ్మా..." అనబోయి ఆగింది. నా నాలుక వైపు చూసింది. "ఎప్పటి సంది?"

"నిన్న పొద్దుటి సంది."

"అయ్యో. మీరు సిస్టరేనట గద అమ్మా?"

"సిస్టర్నే. అందుకే చెప్తున్న."

ట్రే అక్కడే పెట్టి మత్తు డాక్టరు దగ్గరికి పోయింది. నా ఆపరేషన్ ఇంకో కేసు వెనక్కి జరిపించి, చేతిలో గ్లాసుతో తిరిగొచ్చింది. రెండు చేతులతో పట్టుకుని తాగాను. ఈసారి ఆ పిల్ల నన్ను మెచ్చుకోలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.